కిటికీ మారుస్తున్నారా... పైన చూశారా?

ఓ పాత మిద్దె ఇల్లు ఊహించుకోండి. చిలమత్తూరులోనో, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనో. తాత కట్టించింది. రెండడుగుల మందాన రాతి గోడ, పైన మట్టి మిద్దె, వీధివైపు ఓ నాలుగడుగుల కిటికీ. రెక్కలు మూస్తే మూసుకోవు, మూసుకుంటే తెరుచుకోవు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మనవడు పండక్కి వచ్చాడు. హిందూపురం వెళ్లి తెల్లటి యూపీవీసీ స్లైడింగ్ కిటికీకి అడ్వాన్సు కట్టేశాడు. నాలుగడుగుల కిటికీని ఆరడుగులు చేయాలని అబ్బాయి ముచ్చట. గాలీ వెలుతురూ వస్తాయి, వీధిలోంచి చూస్తే ఇంటికి కళ వస్తుంది. పొద్దున్నే సుత్తీ ఉలీ తీసుకుని పాత చట్రం పీకడానికి సిద్ధమయ్యాడు. అటుగా పోతున్న ముసలి బేల్దారి మేస్త్రీ ఆగాడు.

'ఆపప్పా! ఆ దూలం యాడ కూచునిండాదో సూస్తివా?'

'దూలానికీ కిటికీకీ ఏం సంబంధం తాతా?'

'అదే గదా సూడమంటా ఉండేది. అది ఉత్త కిటికీ గాదప్పా. దూలానికి ఊతం!'

ఇలాంటి ఇల్లు, ఇలాంటి మనవడు, ఇలాంటి ముచ్చట సీమలో ఏ ఊళ్లోనైనా ఉంటాయి. సమయానికి అటుగా వచ్చే మేస్త్రీయే అన్నిచోట్లా ఉండడు. కిటికీ అంటే గోడకు పెట్టిన కన్నం, దాంట్లో బిగించిన చెక్క చట్రం అని చాలామంది అనుకుంటారు. చెక్క పాతబడింది కాబట్టి తీసి కొత్తది పెట్టడమే కదా అనిపిస్తుంది. కొత్త ఇళ్లలో అది చాలావరకు నిజమే. పాత ఇంట్లో మాత్రం ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది... కిటికీ మీదున్న గోడను, ఆ గోడ మీదున్న కప్పును ఇప్పుడు మోస్తున్నదేది?

పది సిమెంటు బస్తాలు!

మట్టి మిద్దె బరువు సంగతి దాని కింద పుట్టి పెరిగినవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి, మట్టి పోసి దిమ్మిస కొట్టి, నీళ్లు దిగకుండా పైన చవుడు వేస్తారు. గట్టిపడిన మట్టి ఘనపుటడుగుకు 50 కిలోల దాకా తూగుతుంది. పదడుగుల వెడల్పున్న గదికి నాలుగడుగులకో దూలం ఉందనుకుందాం. ఒక్కో దూలం మీద నలభై చదరపుటడుగుల కప్పు. మట్టి మందం అర అడుగే అనుకున్నా ఒక్కో దూలం మోసేది వెయ్యి కిలోలు. అందులో సగం ఈ గోడ మీద, సగం ఆ గోడ మీద. అంటే దూలం కొన ఒక్కటీ గోడను 500 కిలోలతో నొక్కుతోందన్నమాట. పది సిమెంటు బస్తాలు! ఆ కొన సరిగ్గా కిటికీ నడినెత్తిన కూర్చుని ఉంటే?

ఇది పొడి మట్టి లెక్క. మిద్దె కారినప్పుడల్లా పాత మట్టి తీయకుండా దానిమీదే కొత్త మట్టి పోసుకుంటూ వచ్చిన ఇళ్లున్నాయి. తాతల నాటి అర అడుగు మనవల నాటికి అడుగైతే పది బస్తాలు ఇరవై అవుతాయి. వాన పడి నానితే ఇంకా పెరుగుతుంది. 

బండల మిద్దెలదీ ఇదే కథ. నల్లరాయి ఘనపుటడుగు 75 కిలోలు. మూడంగుళాల బండ పరిస్తే చదరపుటడుగుకు దాదాపు 19 కిలోలు పడుతుంది. పదడుగుల చదరం గదికి ఒక్క బండలే 1,900 కిలోలు. వాటిమీద వేసే గచ్చు అదనం.

ఇంత బరువును ఖాళీ మీద నిలబెట్టడానికి ఇప్పటి మేస్త్రీలు కాంక్రీటు లింటెల్ పోస్తారు. వెనకటి బేల్దార్లు దొరికినదాన్ని వాడారు. రాయి దొరికిన చోట రాతి బండ, లేని చోట వేప పలకలు. రెండూ లేకపోతే చట్రాన్నే లావుపాటి కొయ్యతో చేయించి దానిమీదే గోడ లేపేశారు. అది తప్పేం కాదు. మంచి వేప కొయ్య చెదలు పట్టకుండా ఉంటే రెండు తరాలు మోస్తుంది. చిక్కల్లా మూడో తరం దాన్ని కిటికీ అనుకోవడంతోనే.

పాత కిటికీల మధ్యలో నిలువు కొయ్యలు గుర్తున్నాయా? మూడు భాగాల కిటికీ అయితే రెండు నిలువు కొయ్యలుంటాయి. రెక్కలు బిగించడానికే అనుకుంటాం. పైనున్న అడ్డకొయ్యకు అవి చిన్న చిన్న స్తంభాలు కూడా. ఆరడుగుల కొయ్యను రెండేసి అడుగుల మూడు ముక్కలుగా పంచి మోస్తుంటాయి. స్లైడింగ్ కిటికీలో ఇవేవీ ఉండవు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే ఖాళీ.

లేపాక్షిలో వేలాడే స్తంభం

చిలమత్తూరు వాళ్లకు లేపాక్షి పక్క మండలమే. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయానికి వెళ్లినవాళ్లంతా వేలాడే స్తంభం దగ్గర ఆగాల్సిందే. కింద సన్నటి సందు. ఈవైపు నుంచి గుడ్డ దూర్చి ఆవైపు లాగి మురిసిపోతారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓ ఇంజనీరు దాని రహస్యం కనిపెడదామని కదిలించబోతే, పైకప్పుతో పాటు చుట్టుపక్కల స్తంభాలూ కదిలాయని, భయపడి వదిలేశాడని స్థానికులు చెబుతారు. కథలో నిజమెంతో గానీ అందులోని ఇంజనీరింగ్ మాత్రం సిసలైనది. కట్టడంలో ఏ ముక్కా ఒంటరిగా ఉండదు. ఒకటి మోయకపోతే దాని వాటా పక్కవాటి మీద పడుతుంది. ఏది మోస్తోందో, ఏది ఊరికే నిలబడిందో చూపులకు తెలియదు.

అదే మంటపంలో ఇంకోటి గమనించండి. స్తంభాలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో! రాతిని నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది. వంచితే మాత్రం పుటుక్కున విరుగుతుంది. అందుకే శిల్పులు రాతి దూలాలను మరీ పొడుగ్గా వేసేవారు కాదు. కిటికీ మీది బండకూ ఇదే సూత్రం. నాలుగడుగుల ఖాళీని ఆరడుగులు చేస్తే పెరిగింది సగమే కదా అనిపిస్తుంది. కానీ పరుచుకున్న బరువు కింద లింటెల్‌ను వంచే బలం రెండుంపావు రెట్లవుతుంది. అదే మందం ఉన్న కొయ్య అయితే మునుపటికి అయిదు రెట్లు కిందికి సాగుతుంది. బండకు సాగడం తెలియదు కాబట్టి పగులుతుంది. 

'మరి పక్కింట్లో చట్రం పీకేశారు, ఏమీ కాలేదే?' అంటారు కొందరు. కాకపోవచ్చు. ఇటుకలను సిమెంటుతోనో సున్నంతోనో ఒకదానితో ఒకటి కలిసేలా పేర్చి కట్టిన గోడ, కింద ఖాళీ ఏర్పడితే తనంతట తానే కమానులా సర్దుకుంటుంది. ఖాళీ మీద త్రికోణం ఆకారంలో ఉన్న భాగం మాత్రమే కిందికి వేలాడుతుంది. మిగతా బరువు పక్కలకు జారిపోతుంది. నాలుగడుగుల కిటికీ మీద ఆ త్రికోణం ఎత్తు మూడున్నర అడుగులు. అయితే దీనికి షరతులున్నాయి. కిటికీ మీద అంత ఎత్తు గోడ ఉండాలి. రెండు పక్కలా తోపుకు తట్టుకునేంత గోడ ఉండాలి. ఇంటి మూలకు ఆనుకుని ఉన్న కిటికీకి అది ఉండదు. దూలం కొన ఆ త్రికోణంలో పడకూడదు. మిద్దె ఇళ్లలో కిటికీకీ కప్పుకూ మధ్య ఉండేదే అడుగో రెండడుగులో! పైగా మట్టితో పేర్చిన గుండ్రాళ్ల గోడకు కమానులా నిలబడే గుణం తక్కువ. రాళ్లు ఒక్కొక్కటే జారి, చివరికి ఒక్కసారిగా దిగుతాయి. పక్కిల్లు నిలబడిందంటే అర్థం పక్కింటి గోడ వేరని, అంతే.

మట్టితో కట్టిన రాతి గోడ, దానిమీద బరువైన మట్టి కప్పు... ఈ రెండూ కలిస్తే ఎంత ప్రమాదమో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి చూపించింది. భూకంపంలో పదివేలకు దగ్గరగా జనం చనిపోయారు. అలాంటి గోడల్లో తలుపులు, కిటికీల మీదుగా ఇల్లంతా చుట్టివచ్చే లింటెల్ పట్టీ ఉండాలని ఇంజనీర్లు చెప్పేది ఇందుకే. పాత మిద్దెలకు ఆ పట్టీ ఉండదు. ఒక్కో కిటికీ బరువు ఆ కిటికీదే.

చూడటం ఎలా?

మొదట ఇంట్లోకి వెళ్లి తల పైకెత్తండి. దూలాలు ఏ గోడల మీద ఆనాయి? కిటికీ ఉన్న గోడ మీదైతే ఏ దూలం కొనైనా కిటికీ నెత్తిన ఉందా? సీమ ఇళ్లలో కొన్నిటికి లోపల కొయ్య స్తంభాలుంటాయి. దూలాలు వాటిమీదే నిలబడి ఉంటే గోడకు పడే కప్పు బరువు తక్కువ. కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. గోడ తన బరువు తాను ఎలాగూ మోయాలి, దానికీ ఆధారం కావాలి.

తర్వాత పగుళ్లు. కిటికీ పై మూలల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పైకి పోయే పగులు మంచిది కాదు. ఎన్నిసార్లు సున్నం వేసినా అదే చోట మళ్లీ తేలుతుంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. రెక్కలు వానాకాలంలో బిగుసుకోవడం మామూలే, కొయ్య ఉబ్బుతుంది. ఎండాకాలంలోనూ బిగుసుకుంటే మాత్రం అనుమానించాలి. పైబరువుతో చట్రం వంగి ఉండొచ్చు. పై అడ్డకొయ్యకు ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి పట్టుకోండి. మధ్యలో కొయ్య దారాన్ని దాటి కిందికి వచ్చిందంటే సందేహం అక్కర్లేదు.

ఇంకో చిట్కా ఉంది. అరిగిపోయిన ఆక్సా బ్లేడు ఒకటి తీసుకుని చట్రానికీ పైగోడకూ మధ్య దూర్చండి. పొడవునా సులువుగా జరిగితే చట్రం మీద బరువు లేదని ఒక ఆధారం. ఎక్కడికక్కడ పట్టేస్తుంటే బరువు ఉండొచ్చు. ఇది పరీక్షే గానీ తీర్పు కాదు. తీర్పు చెప్పేది పూత వెనకున్న గోడే. కిటికీ పై మూలలు రెండింటి దగ్గరా, పక్కకు ముప్పావు అడుగు దాకా పూత ఊడగొట్టి చూడాలి. బండో, కొయ్యో, కాంక్రీటో ఏదుందో కనిపిస్తుంది. అది కిటికీ అంచు దాటి గోడలోకి ఎంత దూరం వెళ్లిందో కొలవాలి. రెండు పక్కలా కనీసం ఆరంగుళాలు, రాతి గోడలో తొమ్మిదంగుళాలు ఆనితే నయం. బండ ఉంది కదా అని అక్కడితో ఆగకండి. నడిమధ్యకు విరిగిన బండ కూడా పక్క గోడల మధ్య ఇరుక్కుని ఏళ్ల తరబడి నిలబడే ఉంటుంది. కింద చట్రం తీసేదాకా!

చాలామంది బోల్తా పడేది మరోచోట. రెండడుగుల గోడ నిజానికి ఒక గోడ కాదు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్నరాళ్లూ మట్టీ. వీధివైపు అందంగా చెక్కిన బండ పెట్టి, లోపలివైపు వేప పలకలతో సరిపెట్టిన ఇళ్లున్నాయి. బయట నుంచి చూసినవాళ్లు 'బండ ఉందిలే' అని చట్రం పీకితే కూలేది లోపలి వరస. కాబట్టి రెండువైపులా పూత తీయాల్సిందే. లోపలి పలకలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. సుత్తితో కొడితే డొల్ల శబ్దం వచ్చినా, మొన మెత్తగా దిగిపోయినా చెదలు తినేశాయన్నమాట.

1980ల తర్వాత సిమెంటుతో కట్టిన ఇళ్లకు ఇంత బాధ తక్కువే. చాలావాటికి కాంక్రీటు లింటెల్ ఉంటుంది, పూత తీస్తే తెలిసిపోతుంది. పిల్లర్లు వేసి కట్టిన ఇంట్లో గోడ కప్పును మోయదు. అయినా కిటికీ మీది ఇటుకలను మాత్రం ఏదో ఒకటి పట్టుకోవాలి.

కిటికీ షాపువాళ్లు ఇదంతా చూడరా అని అడగొచ్చు. వాళ్లు కొలిచేది ఖాళీని. యూపీవీసీ అంటే లోపల గదులు గదులుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం. ఎండకు పెరుగుతుంది కాబట్టి చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందు వదిలి, ఫోమ్‌తో, సిలికాన్‌తో పూడుస్తారు. బరువు మోయడం దాని పని కాదు, అల్యూమినియం కిటికీదీ కాదు. పైన గోడ దిగితే తలుపు జరగదు, అద్దం పగులుతుంది. పాత వేప చట్రం చేసిన పనిని కొత్తదానికి ఎవరూ అప్పజెప్పరు. ఆ సంగతి చూసుకోవాల్సింది ఇంటాయనే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులూ వచ్చాయి. అనుమానం ఉన్నచోట అలాంటివాళ్లనో, అనుభవమున్న సివిల్ ఇంజనీరునో పిలిచి చూపించుకోవడం చవకైన పని.

ఆధారం లేదని తేలితే?

కిటికీ మార్చకూడదని కాదు. ముందు బరువుకు వేరే దారి చూపించాలి. దూలం కింద, గోడకు అడుగున్నర ఎడంగా, కింద పలక వేసి పైన పలక పెట్టి జాకీలు బిగిస్తారు. జాకీలు దొరకని పల్లెల్లో నీలగిరి కట్టెలు. కిటికీ పైగోడను కూడా పట్టుకోవాలంటే గోడకు ఆరపార కన్నాలు చేసి, వాటిలోంచి గట్టి కొయ్యలో ఇనుప కడ్డీలో దూర్చి, లోపలా బయటా రెండువైపులా ఊతం పెడతారు. అప్పుడే చట్రం మీద చెయ్యి వేయాలి. చట్రం నిలువు కొయ్యను రంపంతో కోస్తుండగా రంపాన్ని కొయ్య నొక్కి పట్టేసిందంటే బరువు ఇంకా దానిమీదే ఉందన్నమాట. ఆపేసి ఊతం మళ్లీ బిగించాలి. పైనుంచి సన్నగా మట్టి రాలుతున్నా అంతే.

మందపు గోడలో లింటెల్‌ను రెండు విడతలుగా వేయడం మేలు. బయటి సగం వేసి, అది గట్టిపడ్డాక లోపలి సగం. లింటెల్ కాంక్రీటుదైతే ప్రధాన కడ్డీలు అడుగువైపు ఉండాలి. నేలమీద పోసుకుని పైకెత్తి పెట్టే లింటెల్ అయితే పోసిన రోజే పైభాగం మీద గుర్తు వేయాలి. తిరగేసి పెడితే కడ్డీలు ఉండీ లేనట్టే. లింటెల్‌కూ పైగోడకూ మధ్య సందును ఊరికే మాలు రాసి మూసేస్తే చాలదు. గట్టి మాలు, రాతి చిప్పలు కొట్టి బిగించాలి. ఆ సందు మిగిలితే పైగోడ ఆ మేరకు దిగాకే లింటెల్ దాన్ని పట్టుకుంటుంది. ఈలోగా పగుళ్లు వచ్చేస్తాయి. అక్కడే పోసిన కాంక్రీటు లింటెల్‌కైతే కింది ఊతాలు 14 రోజులు కదపకూడదు. తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. 

వానలకు ముందు పని ముగించుకోవాలి. సీమలో వానలు తక్కువే గానీ పడేదంతా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. నానిన మట్టి గోడలో రాళ్ల పట్టు సడలుతుంది, మిద్దె బరువెక్కుతుంది. 2021 నవంబరు వానల్లో ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని కదిరిలో ఓ పాత భవనం కూలి, పిల్లలతో సహా కొందరు ప్రాణాలు కోల్పోయారు. అది కిటికీ కథ కాదు. పాత గోడల దగ్గర వానాకాలంలో సుత్తి పట్టుకోకూడదని చెప్పడానికి మాత్రం సరిపోతుంది. పని జరిగినన్ని రోజులు ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకూడదు. పగలు తీసిన చట్రం చోటును ఊతం లేకుండా రాత్రికి వదిలేయకూడదు.

మళ్లీ మన మిద్దె దగ్గరికి వస్తే... మేస్త్రీ తాత ఉలి తీసుకుని కిటికీ మూలన పూత గీకాడు. వీధివైపు బండ ఉంది. లోపలివైపు మూడు పలకలు, నడిమి పలకలోకి ఉలి వెన్నలోకి దిగినట్టు దిగింది. దూలం కొన సరిగ్గా వాటిమీదే.

'అమ్మా, ఈ గదిలో ఎవరు పండుకుంటారు?'

'నేనే అన్నా. ఆ కిటికీ కిందనే మంచం.'

మంచం ఆ పూటే వసారాలోకి మారింది. మనవడు హిందూపురం షాపుకు ఫోన్ చేశాడు. కిటికీ ఆరడుగులు వద్దు, నాలుగే. అది కూడా ఇప్పుడే కోయొద్దు, లింటెల్ వేసి ఊతం తీశాక మళ్లీ వచ్చి కొలతలిస్తానన్నాడు. అవతలివాళ్లు అడ్వాన్సు సంగతేదో అడుగుతున్నారు. తాత అప్పటికే దూలం కింద పెట్టడానికి ఎన్ని జాకీలు కావాలో లెక్కపెడుతున్నాడు.